పన్నెండో సంతకం

ఓట్ల లెక్కింపు పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. నూట ఇరవై స్థానాలున్న డెల్టా రాష్ట్ర శాసనసభలో అధికార పార్టీ నూట ఎనిమిది ఊడ్చుకుపోయింది. లంకల సమితికి పదకొండు దక్కాయి. మిగిలిన ఒక్కటీ గోగులమొగలో ఏ పార్టీ అండా లేకుండా నిలబడ్డ మట్టా భవానిది. గెలిచినవాళ్ళు వీధుల్లో టపాకాయలు కాలుస్తుంటే, లంకల సమితి నాయకుడు ఆదిశేషు తన ఇంటి వరండాలో కూర్చుని, తనతో కలిపి ఉన్న పదకొండుకి ఇంకొకటి ఎలా కలపాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు.

ఓడిపోయాకే అసలు రాజకీయం మొదలవుతుందని అతని సిద్ధాంతం. గెలిచినవాడి దగ్గరికి కుర్చీ దానంతటదే నడిచొస్తుంది. ఓడినవాడు ప్రతిపక్షం అనిపించుకోవాలంటే మాత్రం మళ్ళీ కాళ్ళకి బలపం కట్టుకుని తిరగాల్సిందే. సభలో పదో వంతు, అంటే పన్నెండుగురు సభ్యులు ఒకే కాగితం మీద సంతకాలు చేసి, మొదటి సమావేశం లోపు స్పీకరుకి అందజెయ్యాలి. అందజేస్తే వాళ్ళు ప్రతిపక్షం. వాళ్ళ నాయకుడికి ముందు వరసలో కుర్చీ ఉంటుంది. అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడే హక్కుంటుంది. అన్నిటికీ మించి, వాళ్ళు పట్టుబట్టి కూర్చుంటే ఎంతటి బిల్లయినా పరిశీలక సంఘానికి వెళ్ళి తీరాలి. అదే పదకొండుగురైతే? ఆఖరి వరసలో కూర్చుని, స్పీకరు దయతలిస్తే రెండు ముక్కలు మాట్లాడి, మైకు ఆగిపోయాక గాల్లో చేతులు తిప్పుకోవచ్చు.

"భవానమ్మ ఒక్క సంతకం పడేస్తే చాలే," అన్నాడు ఆదిశేషు భార్యతో.

"పడెయ్యకపోతే?"

"ఎందుకు పడెయ్యదే? ఆవిడ ఊరూ సముద్రం ఒడ్డునే ఉంది కదా. మన లంకలు మునిగితే ఆవిడ గోగులమొగ తేలుతుందేంటి?"

 సువర్చల కాలేజీలో చదువుకునే రోజుల్లో ఈ మనిషి మాటలు విని మనసు పారేసుకుంది. ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేశాక, మాటలు వేరు, పనులు కావడం వేరు అని తెలిసొచ్చింది. ఇదివరకు నాలుగుసార్లు సభకి వెళ్ళాడు. నాలుగుసార్లూ ప్రతిపక్షంలోనే. ఈసారి ఆ ముచ్చటా తీరదనే ఆమెకి అనిపించింది. పైకి అనకపోయినా, ఆ రోజే మొగుణ్ణి లెక్కలోంచి తీసేసింది. ఆ తర్వాత జరిగినదానికంతటికీ మూలం అక్కడే ఉందని ఆమెకి చాలా ఆలస్యంగా అర్థమైంది.

సువర్చల పనిచేసేది విశ్వవిద్యాలయంలోని భాషా యంత్రాల పరిశోధనశాలలో. ఆమె, ఆమె సహచరి జబీన్ కలిసి పదేళ్ళుగా ఒక యంత్రాన్ని పెంచుతున్నారు. దాని పేరు ఎదురుమాట. చూడటానికి చిన్న బీరువాలా ఉంటుంది. ముందొక మైకు, పక్కనొక పచ్చ దీపం. ఏ ప్రభుత్వ ఉత్తర్వునైనా దాని ముందు పెడితే, అందులో ఎవరికి నష్టమో, ఎక్కడ లొసుగుందో పట్టుకుని నిలదీస్తుంది. డెబ్బై ఏళ్ళ శాసనసభ చర్చలన్నీ చదివి నేర్చుకుంది.

ఒకసారి జబీన్ సరదాకి, మధ్యాహ్నం టీ ఆపేస్తున్నామని కాంటీన్ వాళ్ళు అంటించిన నోటీసు పీకి తెచ్చి దానికి చూపించింది. పచ్చ దీపం వెలిగింది.

"అధ్యక్షా, నేనడిగేది ఒక్కటే," అంది యంత్రం గంభీరంగా. "టీ ఆపారు, సరే. పాల కొనుగోలు మాత్రం తగ్గలేదే! ఆ పాలు ఎవరింట్లో పెరుగు తోడుకుంటున్నాయో సభకి చెప్పాలి."

జబీన్ పడీ పడీ నవ్వింది. "దీదీ, ఇది అచ్చం మీ ఆయన గొంతు! ఆ 'నేనడిగేది ఒక్కటే' ఆయనదే కదా?"

అతనిదే. నాలుగు దఫాల ఆదిశేషు ప్రసంగాలు ఆ యంత్రం కడుపులో ఉన్నాయి. సువర్చలకి గర్వంగా అనిపించింది. ఇంటికెళ్ళి ఆ సంగతి అతనికి చెబితే, అతను కూడా నవ్వి, "అయితే పాలు ఎవరింటికెళ్ళాయో తేలిందా లేదా?" అని అడిగాడు.

ఫలితాలొచ్చిన వారానికి శాసనసభ కార్యదర్శి విద్యాధరరావు పరిశోధనశాలకి వచ్చాడు. మాటలో వెన్న, చొక్కాకి ఇస్త్రీ చెదరని మనిషి. ఎదురుమాట చేత ఒక పాత బడ్జెట్టుని చీల్చి చెండాడించుకుని, చెవులప్పగించి విన్నాడు.

"అద్భుతం మేడమ్," అన్నాడు. "ఈసారి సభలో ప్రతిపక్షం లేకుండా పోయేలా ఉంది. ప్రజాస్వామ్యానికి అది శోభ కాదని ముఖ్యమంత్రిగారి బాధ. పన్నెండుగురు కుదరకపోతే, ఆ కుర్చీలో మీ ఎదురుమాటని కూర్చోబెడదామని ఆలోచన. హక్కులన్నీ దానికే ఇస్తాం. మీరు ఊ అంటే చాలు."

"మా ఆయన ఇంకా ప్రయత్నంలో ఉన్నారండీ."

"అయ్యో, తెలుసండీ. ఆయన పన్నెండుగురితో వస్తే సంతోషంగా స్వాగతం చెబుతాం. ఇది ఆయన రాలేకపోతే అన్నమాట. ఎవరూ అడిగేవాళ్ళు లేకపోవడం కన్నా ఇది నయం కదా?"

నయమే అనిపించింది. పదేళ్ళ కష్టం సభలో, అందరి ముందూ నోరు తెరవబోతోంది. ఎవరు కాదనగలరు? పైగా లంకల తరఫున అడగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఆ అడిగేది మనిషయితేనేం, యంత్రమయితేనేం అని తనకి తాను సర్దిచెప్పుకుంది. ఊ అంది. వచ్చే వారం ప్రకటిస్తామని విద్యాధరరావు చెప్పాడు.

ఆ సాయంత్రం ఈ కబురు భర్త చెవిన వెయ్యాలనే అనుకుంది. కానీ అతను గోగులమొగ నుంచి పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చాడు.

"సగం మెత్తబడిందే భవానమ్మ! శనివారం రమ్మంది. నువ్వూ రా. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే ఆ మిగిలిన సగం కూడా మెత్తబడుతుంది."

ఆ మొహం చూసి సువర్చల తన కబురు వాయిదా వేసింది. వచ్చే వారం కదా, ఈలోగా చెప్పొచ్చులే అనుకుంది.

శనివారం పొద్దున్నే పడవ ఎక్కారు. ఒకప్పుడు గోగులమొగకి బస్సు వెళ్ళేదట. ఇప్పుడు ఆ రోడ్డు మీద సముద్రపు నీళ్ళు మోకాలి లోతున నిలిచి, కరెంటు స్తంభాలు మాత్రం వరసగా పైకి కనిపిస్తున్నాయి. భవాని ఇల్లు చేపల రేవు పక్కనే ఉంది. యాభై దాటిన మనిషి. ముతక చీర, పెద్ద గొంతు. వాళ్ళని చూడగానే ఎదురొచ్చింది.

"రండి బాబూ, రండమ్మా, కూకోండి. ముందు బోంచేద్దారి. కాగితం ఎక్కడికీ పారిపోదండి."

చేపల పులుసుతో అన్నం పెట్టి, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. చేతులు కడుక్కున్నాక అసలు మాటకి వచ్చింది.

"ఆయ్, నాకు భయవేం లేదండి. కానైతే మా తూము సంగతి సూడండి. తలుపులు తుప్పట్టి పోయి, సముద్రం పోటొచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు సేలల్లోకి వచ్చేత్తన్నాయి. నేను మీతో కలిసేననుకోండి, గవర్నమెంటోళ్ళు ఆ తూము ఇంక బాగు సేత్తారంటారా? కక్ష కట్టరూ?"

"కడతారు భవానమ్మగారూ," అన్నాడు ఆదిశేషు. "లేదని అబద్ధం చెప్పను. కానీ మీరొక్కరూ పోయి బతిమాలితే ఏడాదికో హామీ ఇస్తారు. పన్నెండుగురం కలిసి పట్టుబడితే తూము తలుపులు వస్తాయి. నేనున్నాను కదా. మీ తూము పని తేలేదాకా ఇంకో బిల్లు కదలనివ్వను."

 భవాని కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది. పదకొండు సంతకాల కింద ఖాళీ ఎక్కడుందా అని చూసుకుంటోంది.

అప్పుడే గది మూల ఉన్న టీవీలో ఆదిశేషు గొంతు వినిపించింది.

కాదు, అతని గొంతు కాదు. అతని మాట. "అధ్యక్షా, నేనడిగేది ఒక్కటే. గోగులమొగ తూము తలుపులు తుప్పు పట్టాయని మీ ఇంజనీర్లే మూడుసార్లు రాశారు. మూడుసార్లూ ఆ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోయిందో చెప్పగలరా?"

తెర మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఒకవేళ ప్రతిపక్షం ఏర్పడకపోతే ఆ స్థానంలో కూర్చోబోయే అద్భుత యంత్రం ఇదేనని, దీన్ని తయారుచేసింది ఆదిశేషుగారి శ్రీమతి డాక్టర్ సువర్చలేనని వార్తలు చదివే అమ్మాయి చెప్పుకుపోతోంది. ప్రకటన వచ్చే వారం అన్న విద్యాధరరావు శనివారమే చేసేశాడు. తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, గోగులమొగ తూమునే ఎంచుకుని చూపించాడు.

భవాని టీవీ వైపు, ఆదిశేషు వైపు, సువర్చల వైపు చూసింది.

"ఈ మాటలు మీయే కదండీ బాబూ?"

ఆదిశేషు తలూపాడు. 

"మీకంటే బాగా అడిగిందండి అది. ఫైలెన్నిసార్లెళ్ళిందో నాకే తెలీదు," అని భవాని పెన్ను మూత పెట్టేసింది. కోపంగా కాదు, నొచ్చుకుంటూనే. "దానికి ఊరూ లేదు, పేరూ లేదు. దాని మీద ఎవుడూ కక్ష కట్టలేడు. మీ ఇంటావిడే సేసినప్పుడు, ఇంక నన్నెందుకండి ఈ మజ్జిన ఇరికిత్తారు?"

ఇద్దరూ తిరుగు పడవ ఎక్కారు.

"నాకొక్క మాట చెప్పాల్సింది," అన్నాడు ఆదిశేషు.

"చెప్దామనే అనుకున్నాను శేషూ. నీకు పన్నెండో మనిషి..." అని ఆగిపోయింది.

"దొరకదనుకున్నావు."

సువర్చల ఏడ్చింది. అతను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. స్తంభాల వైపు చూస్తూ కూర్చున్నాడు. అతను తిట్టి ఉంటే ఆమెకి కొంత తేలిగ్గా ఉండేది.

సభ మొదలైంది. ఆచారం ప్రకారం ముఖ్యమంత్రి, స్పీకరు కలిసి ప్రతిపక్ష నాయకుణ్ణి చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళాలి. ఎదురుమాటకి చెయ్యి లేదు కాబట్టి, ఇద్దరూ చెరో పక్క నిలబడి చక్రాల బండిని తోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆఖరి వరసలో కూర్చున్న పదకొండుగురిలో కొందరు కూడా కొట్టారు.

ఎదురుమాట దుమ్ము దులిపేసింది. మంత్రులు నీళ్ళు నమిలారు. రాష్ట్రమంతా టీవీలకి అతుక్కుపోయింది. ఫోనులో కష్టం చెప్పుకుంటే చాలు, అది వింటుందని, మర్నాడు సభలో అడుగుతుందని తెలిశాక జనం ఎగబడ్డారు. కంకర తగ్గిన రోడ్డు దగ్గర్నుంచి అంగన్‌వాడీ గుడ్డు దాకా అన్నీ అడిగింది. అడిగిన ప్రతిదానికీ మంత్రి లేచి జవాబు చెప్పాడు. పేపర్లు పొగిడాయి. సువర్చలకి సన్మానాలు జరిగాయి. శాలువాలు పెట్టడానికి బీరువాలో చోటు చాలలేదు.

ఆదిశేషు ఇంటి వరండా మాత్రం ఖాళీ అయిపోయింది. మామూలుగా పొద్దున్నే పాతికమంది దాకా వచ్చి కూర్చునేవారు. పింఛను ఆగిందనో, పట్టా రాలేదనో, లేకపోతే ఊరికే కబుర్లకో వచ్చేవారు. సువర్చల వాళ్ళందరికీ టీ పెట్టలేక విసుక్కునేది. ఇప్పుడు ఒకరిద్దరు వచ్చినా, "అబ్బే, పనేం లేదండి, మెషీనుకి సెప్పేసేం," అని లేచిపోతున్నారు. ఆదిశేషు అలవాటు కొద్దీ స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, ఆ ఖాళీ కుర్చీల మధ్య పేపరు చదువుకునేవాడు.  అది చూసినప్పుడల్లా సువర్చలకి విసుక్కున్న రోజులు గుర్తొచ్చి సిగ్గేసేది.

రెండో సమావేశాల్లో కరకట్ట బిల్లు వచ్చింది. సముద్రం ఆగడం లేదు కాబట్టి, కరకట్టని లోపలికి జరిపి కొత్తగా కట్టాలన్నది దాని సారాంశం. కొత్త కట్టకి అవతల ఏడు లంకలు, గోగులమొగ ఉండిపోతాయి. అక్కడివాళ్ళని మెరకకి తరలిస్తారు. ఇల్లు ఇస్తారు, భూమి ఇవ్వరు.

సువర్చల ఆ రోజు గ్యాలరీలో కూర్చుంది. ఎదురుమాట పందొమ్మిది అభ్యంతరాలు లేవనెత్తింది. ఒక్కొక్కటీ గుండెకి తగిలేలా ఉంది. భూమి లేని రైతు మెరక మీద ఏం పండించుకుని తింటాడని అడిగింది. చేపలవాడికి సముద్రాన్ని దూరం చేసి ఇల్లిస్తే అందులో ఏం చేస్తాడని అడిగింది. గ్యాలరీలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శాసనసభా వ్యవహారాల మంత్రి చక్రధరరావు లేచి, తాపీగా అన్నిటికీ సమాధానం చదివాడు. పరిశీలిస్తున్నాం, తగిన సమయంలో నిర్ణయిస్తాం, గౌరవ ప్రతిపక్షం సూచనలు పరిగణనలోకి తీసుకుంటాం.

ఇప్పుడు పట్టుబట్టాలి. ఒప్పుకోం అనాలి. బిల్లు పరిశీలక సంఘానికి పోయేదాకా సభని కదలనివ్వకూడదు. ఆ హక్కు ఇప్పుడు ఒక్క ఎదురుమాటకే ఉంది.

"సమాధానానికి ధన్యవాదాలు అధ్యక్షా," అంది ఎదురుమాట. పచ్చ దీపం ఆరిపోయింది.

 యంత్రం ఎందుకలా కూర్చుండిపోయిందో అందరికన్నా ముందు సువర్చలకే అర్థమైంది. సభా చర్చల పుస్తకాల్లో ప్రశ్న ఉంటుంది, జవాబుంటుంది. ఆ తర్వాత బ్రాకెట్లలో 'సభలో గందరగోళం', 'సభ్యుల నినాదాలు', 'సభ వాయిదా' అని ఉంటుంది. యంత్రానికి పాఠాలు చెప్పే రోజుల్లో, ఈ బ్రాకెట్లు ఏం చెయ్యమంటారని జబీన్ అడిగింది. "తీసెయ్, అదంతా చెత్త. అల్లరి నేర్పిస్తామా ఏంటి దానికి?" అని సువర్చలే చెప్పింది. డెబ్బై ఏళ్ళ సభలో జవాబు వినగానే ధన్యవాదాలు చెప్పి కూర్చునేవాళ్ళే యంత్రానికి కనిపించారు. కూర్చోనివాళ్ళు ఉండేవారని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆఖరి వరసలో ఆదిశేషు లేచాడు. "ఒప్పుకోం! ఇది జవాబు కాదు!" అని అరిచాడు. మైకు లేదు. మిగతా పదిమందీ లేచి స్పీకరు ముందుకు పరుగెత్తారు. గుర్తింపు లేని సభ్యులు సభకి అడ్డు తగులుతున్నారని స్పీకరు అన్నాడు. భటులు వచ్చి, ఆదిశేషుని చంకల కింద చేతులేసి ఎత్తుకుపోయారు. ఒక చెప్పు అక్కడే పడిపోయింది. బిల్లు నెగ్గిందని స్పీకరు ప్రకటించాడు.

సువర్చల పరుగున బయటికి వచ్చేసరికి ఆదిశేషు గేటు అవతల ఒక్కడే ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. అటూ ఇటూ చూస్తున్నాడు. ఇంతకుముందు అతన్ని ఎప్పుడు బయటికి ఈడ్చినా, గేటు దగ్గర వందలమంది ఉండేవాళ్ళు. భుజాల మీదికి ఎత్తుకునేవాళ్ళు. ఆ రోజు కొబ్బరిబోండాల బండి తప్ప ఏమీ లేదు. తమ తరఫున ఎదురుమాట అడుగుతోందని అందరూ నిశ్చింతగా ఇళ్ళలో టీవీ చూస్తున్నారు.

తప్పు దిద్దుదామని సువర్చల, జబీన్ నానా తంటాలు పడ్డారు. తీసేసిన బ్రాకెట్లన్నీ మళ్ళీ చేర్చి, యంత్రానికి కొత్తగా పాఠం చెప్పారు. పరిశోధనశాలలో కరకట్ట బిల్లు మళ్ళీ దాని ముందు పెట్టి, జబీన్ మంత్రిలా జవాబు చదివింది. యంత్రం ధన్యవాదాలు చెప్పలేదు. ఇద్దరూ దగ్గరికి జరిగారు.

"గందరగోళం," అంది యంత్రం ప్రశాంతంగా. "గందరగోళం. నినాదాలు. గందరగోళం."

జబీన్ నవ్వబోయి, సువర్చల మొహం చూసి ఆగిపోయింది.

ఆ గందరగోళంలో ఎవరేమన్నారో ఎక్కడా రాసి లేదు. అందుకని సువర్చల ఇంటికి వెళ్ళి, పంచెలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటున్న భర్తని అడిగింది.

"శేషూ, అప్పట్లో మీరంతా వెళ్ళి అరిచేవాళ్ళు కదా. ఏమని అరిచేవాళ్ళు?"

"ఏముంటుందే చెప్పడానికి? ఒప్పుకోం, ఒప్పుకోం అని. అంతే."

"మరి ఎప్పటిదాకా అరవాలో ఎలా తెలిసేది?"

ఆదిశేషు మడతపెట్టడం ఆపి ఆలోచించాడు. "లోపలికెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డవాళ్ళ మొహాలు చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి. బయటికొచ్చాక మళ్ళీ వాళ్ళకి మొహం చూపించాలి కదా. ఊరికే కూర్చుండిపోతే ఎలా చూపిస్తాం? నీ యంత్రం ఎవరికి మొహం చూపించాలే?"

సువర్చల సంచి వైపు చూసింది. "ఎక్కడికి ఈ సంచి?" అంది.

"లంకల్లోకి. సామాన్లు మోసుకోలేని ముసలాళ్ళున్నారు. పడవల్లో మెరకకి చేర్చాలి. సంతకం పెట్టనందుకు భవానమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అక్కడికీ వెళ్ళాలి."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"చూద్దాం," అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని సువర్చల ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న నెలలన్నీ అనుకుంది.

కొన్ని నెలలకి ఆమె విద్యాధరరావు దగ్గరికి వెళ్ళింది. ఎదురుమాట పనికిరాదని, దాన్ని వెనక్కి తీసుకుంటానని, పదకొండుగురికే గుర్తింపు ఇవ్వమని చెప్పింది. బ్రాకెట్ల సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, కాఫీ తెప్పించాడు.

"వెనక్కి తీసుకోవడం కుదరదు మేడమ్. అది ఇప్పుడు సభ ఆస్తి. అయినా ఇలాంటి ప్రతిపక్షం ప్రపంచంలోనే లేదని అందరూ మెచ్చుకుంటుంటే, మీరే ఇలా అంటే ఎలా?"

"నాకు అభ్యంతరం ఉందండీ. రాసుకోండి."

"తప్పకుండా," అన్నాడు ఆయన ఎంతో మర్యాదగా. "అభ్యంతరాలు స్వీకరించేది ఎదురుమాటే కదా మేడమ్. దానికి చెప్పండి. సభలో అదే అడుగుతుంది."

ఇంకో దారి లేదు. పరిహాసం కాదని, ఆయన నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడని ఆమెకి తెలిసింది. ఫోను తీసి తన యంత్రానికి తన కష్టం చెప్పుకుంది.

మర్నాడు గ్యాలరీలో కూర్చుని వింది. "అధ్యక్షా, నేనడిగేది ఒక్కటే," అని మొదలుపెట్టింది ఎదురుమాట. యంత్రం మనుషుల చోటుని ఆక్రమిస్తే, జనానికి గొంతు విప్పే అలవాటే పోతుందని అంది. అడగడం వేరు, పట్టుబట్టడం వేరు అంది. సువర్చల పది వాక్యాల్లో తడబడుతూ చెప్పినదాన్ని ఎంత చక్కగా చెప్పిందంటే, ఆమెకే ఒళ్ళు గగుర్పొడిచింది. చక్రధరరావు లేచాడు. ప్రతిపక్షం తన మీద తానే విమర్శ చేసుకునేంత ఉన్నతంగా ఉన్నందుకు ఈ సభ గర్విస్తోందన్నాడు. ఇంతకన్నా స్వేచ్ఛ ఎక్కడుందని అడిగాడు. సభ బల్లలు చరిచింది.

"సమాధానానికి ధన్యవాదాలు అధ్యక్షా."

"అది సమాధానం కాదు!"

ఎవరా అని అందరూ పైకి చూశారు. సువర్చల కూడా ఒక క్షణం అలాగే అనుకుంది. తర్వాత తన చేతులు గ్యాలరీ కడ్డీని పట్టుకుని ఉండటం చూసుకుంది. జన్మలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. 

"కూర్చోండమ్మా," అన్నాడు పక్కనున్న భటుడు.

"అది సమాధానం కాదు! ఏడు లంకలవాళ్ళు ఏం తింటారని అడిగితే పరిశీలిస్తాం అన్నారు. అది సమాధానమా? ఆ యంత్రానికి తెలీదు, మీకు తెలుసు కదా!" ఇంకా ఏదేదో అంది. ఏమందో తర్వాత ఆమెకి గుర్తులేదు. ఆడ భటులిద్దరు వచ్చి, మర్యాదగానే, కానీ గట్టిగా చేతులు పట్టుకుని మెట్లు దింపారు. గేటు బయట వదిలేసి తలుపు వేసుకున్నారు.

ఎండ మాడ్చేస్తోంది. సువర్చల ఫోను తీసి ఆదిశేషుకి కలిపింది. నెలల తర్వాత అతనికి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. అవతల పడవ ఇంజను చప్పుడు, ఎవరో సామాన్లు దించండని కేకలేయడం వినిపించాయి.

"శేషూ, నన్ను బయటికి గెంటేశారు."

ఇంజను చప్పుడు ఆగింది. "ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గర."

"ఎంతమందున్నారక్కడ?"

సువర్చల రోడ్డుకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. ఒక ఆటో వెళ్ళిపోయింది. "నేనొక్కదాన్నే," అంది. "నావల్లే శేషూ ఇదంతా. నేనే చేశాను."

"అది తర్వాత మాట్లాడుకుందాం. ఇక్కడ భవానమ్మ కూడా ఉంది. ఇంకో నలుగురిని ఎక్కించుకుని ఇప్పుడు బయల్దేరితే పొద్దుగూకేలోపు అక్కడుంటాం." ఇంజను మళ్ళీ మొదలైంది. "నువ్వు ఇంటికెళ్ళిపోకు. వింటున్నావా? మేం వచ్చేసరికి అక్కడ ఎవరో ఒకరుండాలి."

"వెళ్ళను," అంది సువర్చల.